బావగారు కొనిచ్చిన 3 పౌన్ల ట్రిగ్గర్: ఉంచుకోవాలా, తీసేయాలా?

డాలస్ దగ్గర్లో ఉండే ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు కాబట్టి ఆయన్ని గుర్తుపట్టే వివరాలన్నీ తీసేసి మిగతాది క్లుప్తంగా చెబుతున్నాను.

అమెరికా పౌరసత్వం వచ్చాక ఆయన ఒక ఏఆర్-15 రైఫిల్ కొనుక్కున్నారు. 16 అంగుళాల బ్యారెల్, పైన 1 నుంచి 6 రెట్లు పెద్దగా చూపించే 1-6 స్కోప్. ఒక్క రైఫిల్ అన్నిటికీ పనికిరావాలన్నది ఆయన ఆలోచన. వీకెండ్‌లో రేంజ్, స్నేహితులతో కలిసి రాంచ్‌లో అడవిపందుల వేట, ఎప్పుడైనా అవసరం పడితే ఇంటి రక్షణ. రైఫిల్‌తో పాటు వచ్చిన ట్రిగ్గర్ బరువుగా ఉంది, గరగరలాడుతోంది అని ఒకసారి మాటల్లో అంటే, ఆయన అక్క భర్త పుట్టినరోజుకి ఒక డ్రాప్-ఇన్ ట్రిగ్గర్ కొనిచ్చారు. సింగిల్ స్టేజ్ (మధ్యలో ఆగకుండా ఒకే గుంజుకి పేలేది), 3 పౌన్లు, అంటే పేలడానికి వేలితో లాగాల్సిన బలం అంత. బావగారు ఇరవై ఏళ్లుగా టెక్సస్‌లో ఉన్నారు, తుపాకుల గురించి ఆయన మాటంటే అందరికీ గురి. ఈయన వీడియో చూసి తనే బిగించుకున్నారు. రేంజ్‌లో బెంచ్ మీద పెట్టి కాలిస్తే గ్రూప్ (తూటాలు టార్గెట్ మీద పడే వెడల్పు) సగానికి తగ్గింది, చాలా సంతోషించారు.

తర్వాత ఒక రాత్రి వేటలో పంది కనిపించి రైఫిల్ ఎత్తుతుండగానే, కాల్చాలి అని తాను అనుకోకముందే తూటా వెళ్లిపోయింది. ముందున్న నేలలో దిగింది. ఎవరికీ ఏం కాలేదు. గురి తప్పిందనుకుని పక్కవాళ్లు నవ్వితే ఈయన కూడా నవ్వేసి ఊరుకున్నారు. "కానీ అప్పటి నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు" అని రాశారు. బావగారు ఫోన్ చేసినప్పుడల్లా ట్రిగ్గర్ ఎలా ఉందని అడుగుతున్నారు. తీసేస్తే నొచ్చుకుంటారని మొహమాటం. "ఒలింపిక్స్‌లో వాళ్లు గ్రాముల లెక్కన ట్రిగ్గర్ వాడతారు, నువ్వు 3 పౌన్లకే భయపడతావా" అని ఆయన ముందే అన్నారట. ఒక స్నేహితుడేమో పాత ట్రిగ్గర్‌ను సానపెట్టి స్ప్రింగ్ వంచితే చాలు, డబ్బు దండగ అంటున్నాడు. ఇంకొకరు రెండు స్టేజిల ట్రిగ్గర్ కొనమంటున్నారు. భార్యకు ఏమీ చెప్పలేదు, చెబితే రైఫిలే ఇంట్లో ఉండొద్దంటుందని భయం. తొమ్మిదేళ్ల కొడుకు ఉన్నాడు. రైఫిల్ క్లోసెట్‌లో పై అరలో సంచిలో ఉంటుంది. "ఏ ట్రిగ్గర్ పెట్టుకోవాలి, బావగారికి ఏం చెప్పాలి?" ఇదీ ప్రశ్న.

మీరు ఈ విషయం దాచకుండా రాసినందుకు ముందు సంతోషం. చాలామంది "ఏమీ కాలేదు కదా" అని మర్చిపోతారు. మీకు నిద్ర పట్టకపోవడం పిరికితనం కాదు, మీ బుద్ధి సరిగ్గా పనిచేస్తోందని అర్థం.

ఏ ట్రిగ్గర్ కొనాలన్నది కాసేపు పక్కన పెట్టండి. ఆ రాత్రి తూటా ఎందుకు వెళ్లిందన్నది తేలకుండా ఏది కొన్నా లాభం లేదు. కారణం రెండింటిలో ఒకటి: మీ వేలు నొక్కి ఉండాలి, లేదా ట్రిగ్గర్ సరిగ్గా కూర్చోక తనంతట తానే జారి ఉండాలి. వేలే అయి ఉంటుందని మీరు అనుకుంటున్నారు, నేనూ అదే అనుకుంటున్నాను, కానీ అనుకోవడం చాలదు. డ్రాప్-ఇన్ ట్రిగ్గర్ అంటే హ్యామర్ (తూటా పేలడానికి దెబ్బ కొట్టే సుత్తి), సియర్ (దాన్ని ఆపి ఉంచే కొక్కెం), స్ప్రింగులు అన్నీ ఒక చిన్న పెట్టెలో బిగించి వచ్చే రకం. ఆ పెట్టె లోయర్‌లో (ట్రిగ్గర్ ఉండే రైఫిల్ కింది భాగం) కదలకుండా కూర్చోవాలి, పిన్నులు పక్కకు జరగకుండా బిగియాలి, కింద స్క్రూలు ఉండే రకమైతే అవి కూడా కంపెనీ చెప్పినట్టు బిగించి ఉండాలి. పెట్టె కొంచెం వదులైనా సేఫ్టీ మీట, ట్రిగ్గర్‌ను పూర్తిగా ఆపలేకపోవచ్చు.

అందుకే వేటకి గానీ రేంజ్‌కి గానీ మళ్లీ వెళ్లే ముందు ఈ పరీక్ష చేయండి. మ్యాగజీన్ తీసేయండి, బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి మూసే భాగం) వెనక్కి లాగి ఆపి ఛాంబర్‌లో (తూటా కూర్చునే చోటు) కంటితో చూడండి, వేలు పెట్టి కూడా చూడండి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. ఇప్పుడు బోల్ట్ ముందుకు వదిలి, సేఫ్టీ వేసి, ట్రిగ్గర్ గట్టిగా నొక్కండి. హ్యామర్ పడకూడదు. వేలు పూర్తిగా తీసేసి, ట్రిగ్గర్ ముట్టుకోకుండా సేఫ్టీ మాత్రం తీయండి. అప్పుడూ పడకూడదు. ఇప్పుడు నొక్కితే పడాలి. నొక్కిన వేలు అలాగే ఉంచి ఛార్జింగ్ హ్యాండిల్ (బోల్ట్‌ను లాగే పిడి) లాగి వదలండి, తర్వాత వేలు నెమ్మదిగా సడలిస్తే టక్ అని చిన్న శబ్దం రావాలి, హ్యామర్ మాత్రం నిలబడే ఉండాలి. మళ్లీ నొక్కితే పడాలి. చివరగా హ్యామర్ లేచి ఉండగా, సేఫ్టీ తీసి, కార్పెట్ మీద బట్‌ను (భుజానికి ఆనే వెనక భాగం) నాలుగైదుసార్లు తట్టి చూడండి. తట్టినప్పుడు హ్యామర్ పడిందంటే ఇక చర్చ లేదు, ఆ ట్రిగ్గర్ తీసేసి గన్‌స్మిత్‌కి (తుపాకులు బాగుచేసేవారికి) చూపించాలి. అన్నీ సరిగ్గా ఉన్నా సరే, మొదటిసారి మీరే బిగించారు కాబట్టి ఒకసారి గన్‌స్మిత్‌తో చూపించుకోమనే అంటాను. పెద్ద ఖర్చేమీ కాదు.

యంత్రంలో తప్పు జరగదని ఎవరూ అనుకోవద్దు. రెమింగ్టన్ 700 రైఫిల్స్‌లో ఎక్స్‌మార్క్ ప్రో ట్రిగ్గర్ ఉన్నవాటిని 2014 ఏప్రిల్‌లో కంపెనీయే వెనక్కి పిలిచింది. ఫ్యాక్టరీలో అతికించడానికి వాడే పదార్థం ఎక్కువై, కొన్ని పరిస్థితుల్లో ట్రిగ్గర్ నొక్కకుండానే పేలే ప్రమాదం ఉందని చెప్పింది. అంత పెద్ద ఫ్యాక్టరీ నుంచి వచ్చినవాటిలోనే అలా జరిగినప్పుడు, ఇంట్లో బిగించుకున్నదాన్ని పరీక్షించకుండా నమ్మడం సరికాదు.

సరే, పరీక్షలో అన్నీ సరిగ్గా వచ్చాయనుకుందాం. అంటే నొక్కింది మీ వేలే. ఇందులో రెండు సంగతులు కలిసి ఉన్నాయి, వాటిని విడదీసి చూడాలి. ఒకటి అలవాటు. రైఫిల్ ఎత్తుతున్నప్పుడే, గురి ఇంకా పంది మీదకి రాకముందే, సేఫ్టీ తీసి ఉంది, వేలు ట్రిగ్గర్ మీద ఉంది. తుపాకీ శిక్షకుడు జెఫ్ కూపర్ చెప్పిన నాలుగు భద్రతా నియమాల్లో మూడోది ఇదే కదా, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదకి రాకూడదు. ఇది ఏ ట్రిగ్గర్ పెట్టినా మారదు, 8 పౌన్లది పెట్టినా మారదు. కొత్త ట్రిగ్గర్ కొనేసి ఈ అలవాటు వదిలేస్తే మీరు సమస్యను కొంచెం దూరం నెట్టారంతే. రెండో సంగతి, ఈ తప్పును ఆ ట్రిగ్గర్ క్షమించలేదు. అదే వేలు, అదే తొందర, పాత ట్రిగ్గర్ ఉండి ఉంటే బహుశా పేలేది కాదు. బెంచ్ దగ్గర ప్రశాంతంగా కూర్చుని కాల్చే వేలికి, చీకట్లో పంది కనిపించి గుండె దడదడలాడుతున్నప్పుడు ఉండే వేలికి తేడా ఉంటుంది. టెన్షన్‌లో వేలికి స్పర్శ తగ్గుతుంది, నొక్కుతున్నామని తెలియకుండానే నొక్కేస్తాం. పైగా చలికాలం అయితే గ్లవ్స్ కూడా.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అన్ని పనులకీ ఒకటే అనుకున్న రైఫిల్‌కి ట్రిగ్గర్ ఎంచుకునేటప్పుడు, ఆ పనుల్లో అన్నిటికన్నా కష్టమైన పరిస్థితిని బట్టి ఎంచుకోవాలి, అన్నిటికన్నా తేలికైనదాన్ని బట్టి కాదు. అందరూ బెంచ్ మీద నొక్కి చూసి కొంటారు. మీ రైఫిల్‌కి కష్టమైన పరిస్థితి చీకటి, తొందర, పక్కన మనుషులు.

ఇక ట్రిగ్గర్ వల్ల నిజంగా ఏం మారుతుందో చూద్దాం, ఎందుకంటే గ్రూప్ సగానికి తగ్గిందన్న సంతోషం మిమ్మల్ని ఆ ట్రిగ్గర్‌కి కట్టేస్తోంది. ట్రిగ్గర్ మార్చినంత మాత్రాన బ్యారెల్ మారదు, తూటా మారదు. రైఫిల్‌కి ముందు నుంచీ ఉన్న సామర్థ్యం అంతే ఉంటుంది. మారేది, నొక్కేటప్పుడు మీరు రైఫిల్‌ను ఎంత కదిలిస్తున్నారన్నది. స్కోప్, లైటు, నిండు మ్యాగజీన్ కలిపి మీ రైఫిల్ 8, 9 పౌన్లు ఉంటుంది. మిలిటరీ కొలతల్లో చేసే మామూలు ట్రిగ్గర్ సాధారణంగా 6 నుంచి 8 పౌన్లు లాగుతుంది. దాదాపు రైఫిల్ బరువంత బలంతో ఒక్క వేలితో లాగుతూ రైఫిల్ కదలకూడదంటే కష్టమే. అందుకే ట్రిగ్గర్ తేలికైతే గ్రూప్ చిన్నదవుతుంది. కానీ 7 నుంచి 4.5కి దిగితే వచ్చే లాభం చాలా పెద్దది, 4.5 నుంచి 3కి దిగితే వచ్చే లాభం మీరు చేసే పనుల్లో పెద్దగా కనిపించదు. పంది మీద వంద గజాల లోపు కాలుస్తున్నారు, అర అంగుళం తేడా అక్కడ లెక్కలోకి రాదు. పైగా బరువొక్కటే కాదు, ట్రిగ్గర్ ఎంత శుభ్రంగా విడుస్తుందన్నది ముఖ్యం. గరగర లేకుండా 5.5 పౌన్ల దగ్గర టక్కున విడిచేది, గరగరలాడుతూ 4 దగ్గర విడిచేదానికన్నా హాయిగా ఉంటుంది.

ఒలింపిక్స్ మాట. బావగారు చెప్పింది నిజమే. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో ట్రిగ్గర్‌కి కనీస బరువు అనే నిబంధన లేదు, అక్కడ అంతా గ్రాముల్లోనే. మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచింది ఆ ఈవెంట్‌లోనే. కానీ అక్కడ మనిషి ఒకేచోట నిలబడతాడు, తుపాకీ ఎప్పుడూ లక్ష్యం వైపే ఉంటుంది, ఆదేశం వచ్చేదాకా లోడ్ చేయరు, ముందు ఎవరూ నడవరు. అదే క్రీడలో ఎయిర్ పిస్టల్‌కి కనీసం 500 గ్రాములు, 25 మీటర్ల పిస్టల్‌కి 1000 గ్రాములు, 300 మీటర్ల స్టాండర్డ్ రైఫిల్‌కి 1500 గ్రాములు ఉండాలని నిబంధన ఉంది. అంటే అక్కడ కూడా ఏ ఈవెంట్ లెక్క ఆ ఈవెంట్‌దే. ఇక్కడ అమెరికాలో పౌరులకి షూటింగ్ నేర్పే సంస్థ సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ నడిపే సర్వీస్ రైఫిల్ (సైన్యం వాడే తరహా రైఫిల్) పోటీల్లో మీ ఏఆర్ లాంటి రైఫిల్‌కి ట్రిగ్గర్ కనీసం 4.5 పౌన్లు ఉండాలి. ఓహాయోలో క్యాంప్ పెర్రీ దగ్గర 600 గజాల దూరం కాల్చే షూటర్లకి 4.5 సరిపోతోంది. బావగారు మళ్లీ ఒలింపిక్స్ అంటే మీరు క్యాంప్ పెర్రీ అనండి.

మీ ముందున్న దారులు చూద్దాం.

పాత ట్రిగ్గర్ మళ్లీ పెట్టేయడం మొదటిది. ఖర్చు లేదు, నమ్మకం విషయంలో దానికి వంక పెట్టలేం, ఎలాంటి తూటానైనా పేలుస్తుంది. గరగర కొంత వాడకంతోనే తగ్గుతుంది, ఖాళీ రైఫిల్‌తో ఇంట్లో డ్రై ఫైర్ (తూటా లేకుండా నొక్కే సాధన) చేస్తూ ఉంటే ఇంకా తగ్గుతుంది, మీ వేలు కూడా బాగుపడుతుంది. గ్రూప్ మాత్రం కొంచెం పెద్దదవుతుంది, దానికి సిద్ధపడాలి. ఏ నిర్ణయం తీసుకున్నా, అది అమలయ్యేదాకా ఈ వారమే పాతది పెట్టేయమని నా సలహా.

పాతదాన్ని సానపెట్టడం, స్ప్రింగ్ వంచడం: దీని జోలికి వెళ్లకండి. మీ స్నేహితుడు మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటాడు, చాలామంది చేస్తారు కూడా. కానీ మామూలు ట్రిగ్గర్, హ్యామర్ భాగాలకి పైపొర మాత్రమే గట్టిగా ఉంటుంది, లోపల మెత్తని ఉక్కు. సానరాయితో ఆ పొర దాటిపోయారంటే మొదట్లో వెన్నలా ఉంటుంది, కొన్నాళ్లకి అంచు అరిగి ఒక్క నొక్కుకి రెండు తూటాలు వెళ్లొచ్చు, లేదా తట్టితేనే హ్యామర్ జారొచ్చు. స్ప్రింగ్ వంచితే హ్యామర్ దెబ్బ బలహీనమై గట్టి ప్రైమర్ (దెబ్బ తగిలి మందును రాజేసే బిళ్ల) ఉన్న తూటాలు పేలవు. మీరిప్పుడు బయటపడాలనుకుంటున్న భయాన్నే డబ్బు ఖర్చు లేకుండా మళ్లీ తెచ్చుకోవడం ఎందుకు?

మూడోది మెరుగుచేసిన సింగిల్ స్టేజ్. ఏఎల్‌జీ డిఫెన్స్ వాళ్ల ఏసీటీ ఇలాంటిది. మామూలు ట్రిగ్గర్ రూపమే, అవే స్ప్రింగుల పద్ధతి, కానీ నికెల్ బోరాన్ పూత వేసి నున్నగా చేస్తారు. బరువు 5.5, 6 పౌన్ల దగ్గర ఉంటుంది, ధర వంద డాలర్ల లోపే. తేలిక కోసం కాకుండా శుభ్రత కోసం కొనేది. మీకు ట్రిగ్గర్ మీద నమ్మకం పోయింది, కొంచెం బరువుగానే ఉండాలి అనిపిస్తే ఇది మంచి దారి.

నాలుగోది రెండు స్టేజిల ట్రిగ్గర్, మీ విషయంలో నా మొగ్గు దీనివైపే. మొదటి స్టేజిలో వేలు కొంత దూరం మెత్తగా వెళ్లి ఒక గోడకి ఆనుతుంది. అక్కడ ఆగొచ్చు. అక్కడి నుంచి ఇంకొంచెం నొక్కితేనే పేలుతుంది. కొత్తగా బండి నేర్చుకునేటప్పుడు క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కాలికి తెలిసినట్టే, పేలే చోటు ఎక్కడుందో వేలికి ముందే తెలుస్తుంది. సింగిల్ స్టేజ్ 3 పౌన్ల దానిలో ఈ హెచ్చరిక ఉండదు, ముట్టుకోవడానికీ పేలడానికీ మధ్య దాదాపు ఏమీ లేదు. గైస్లీ వాళ్ల ఎస్ఎస్ఏ తీసుకుంటే మొదటి స్టేజి 2.5 పౌన్లు, రెండోది 2 పౌన్లు, మొత్తం 4.5. అంటే చివరి క్షణంలో మీ వేలు అదనంగా వేయాల్సింది రెండు పౌన్లే, బెంచ్ మీద అది తేలికగానే తెలుస్తుంది, కానీ పొరపాటున తగిలితే మొత్తం నాలుగున్నర అడ్డుపడుతుంది. వాళ్లదే జీ2ఎస్ అదే బరువులతో తక్కువ ధరకి వస్తుంది. మీ టెక్సస్‌లోనే లియాండర్‌లో ఉన్న లారూ వాళ్ల ఎంబీటీ-2ఎస్ కూడా రెండు స్టేజిలదే, ధర వందకి అటూ ఇటూగా ఉంటుంది, ఆ ధరకి అంత మంచిది దొరకడం కష్టం. ఎస్ఎస్ఏ-ఈ అని 3.5 పౌన్లది కూడా ఉంది, చాలా బాగుంటుంది, అయినా మీకు మాత్రం ఇప్పుడు వద్దంటాను. మీ వేలి అలవాటు మారాక, కావాలంటే, ఎప్పుడో.

ఇవి డ్రాప్-ఇన్ పెట్టెలు కావు, విడి భాగాలు, రెండు పిన్నులతో లోయర్‌లో కూర్చుంటాయి. బిగించడం కొంచెం ఓపిక పని. అందులో ఒక మేలు ఉంది. ఒక్కోసారి తూటా వెనకున్న ప్రైమర్ ఊడి లోపల పడుతుంది, ముఖ్యంగా ఏఆర్‌లో వాడే 5.56 తూటాల్లో. విడి భాగాల ట్రిగ్గర్‌లో అయితే రైఫిల్ విప్పి కనిపెట్టి దులిపేయొచ్చు. పెట్టె రకంలో అది సందులో ఇరుక్కుంటే అక్కడికక్కడ తీయడం కష్టం, ట్రిగ్గర్ కదలదు. దుమ్ము, బురద విషయం కూడా అంతే. రాంచ్‌లో తిరిగే రైఫిల్‌కి ఇది పట్టించుకోవాల్సిన సంగతే. ఇంకో మాట, ఏది బిగించినా అప్పర్ (బ్యారెల్ ఉండే పై భాగం) తీసేసి ఉన్నప్పుడు ట్రిగ్గర్ నొక్కి హ్యామర్‌ను లోయర్ అంచుకి కొట్టనివ్వకండి, బొటనవేలితో పట్టుకుని దించండి.

ఐదోది, ఇప్పుడున్నదాన్నే ఉంచుకుని అలవాటు పడటం. దీన్ని తప్పని కొట్టిపారేయను. రేంజ్‌కి మాత్రమే తీసుకెళ్లే రైఫిల్ అయితే మీకు ఉంచుకోమనే చెప్పేవాణ్ని. అప్పుడు కూడా భుజానికి గట్టిగా ఆనించి కాల్చాలి, ఎందుకంటే తేలికైన ట్రిగ్గర్‌తో బెంచ్ మీద వదులుగా పట్టుకుంటే రైఫిల్ ఊపుకే వేలు మళ్లీ తగిలి రెండో తూటా కూడా వెళ్లిపోవచ్చు. కానీ మీ రైఫిల్ వేటకి వెళుతోంది, ఇంటి రక్షణకి కూడా అదే అంటున్నారు. ఇంటి రక్షణలో నిజంగా వాడాల్సి వస్తే, తర్వాత కోర్టులో ఎదుటి లాయర్‌కి "ముట్టుకుంటే పేలే ట్రిగ్గర్ కావాలని పెట్టుకున్నాడు" అనే మాట దొరుకుతుంది. అనుకోకుండా పేలింది అనుకుంటే ఆ మాటకి బలం ఇంకా ఎక్కువ.

ఆరోది కూడా ఉంది, బావగారి సమస్యని కూడా తీర్చేది. ఇంకో లోయర్ కొని, ఈ 3 పౌన్ల ట్రిగ్గర్ అందులో పెట్టి, రేంజ్‌లో బెంచ్ దగ్గర మాత్రమే ఆ లోయర్ వాడటం. అప్పర్ అదే, రెండు పిన్నులు లాగితే మారిపోతుంది. బహుమతి వాడుకలో ఉంటుంది, మీ గ్రూపులూ మీకుంటాయి. ఇబ్బంది ఏమిటంటే, చట్టం దృష్టిలో లోయరే తుపాకీ. దానికి సీరియల్ నంబర్ ఉంటుంది, డీలర్ దగ్గర ఫారం నింపి బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాకే వస్తుంది. అంటే ఇంట్లోకి రెండో తుపాకీ వచ్చినట్టే. మీ ఆవిడతో మాట్లాడకుండా ఈ దారి ఎంచుకోకండి.

ఇక ఆవిడ సంగతి. ట్రిగ్గర్ కన్నా ఇది నాకు పెద్దదిగా కనిపిస్తోంది. తొమ్మిదేళ్ల పిల్లాడున్న ఇంట్లో రైఫిల్ పై అరలో సంచిలో ఉందని రాశారు. పిల్లలకి కుర్చీ ఎక్కడం వచ్చు, సంచి జిప్పు తీయడం వచ్చు. 3 పౌన్లు కాదు, 8 పౌన్ల ట్రిగ్గర్ కూడా తొమ్మిదేళ్ల వాడి రెండు వేళ్లకి లొంగుతుంది. టెక్సస్ చట్టం ప్రకారం, లోడ్ చేసిన తుపాకీని నిర్లక్ష్యంగా వదిలేసి, అది 17 ఏళ్లలోపు పిల్లల చేతికి చిక్కితే నేరం. చట్టం పక్కన పెట్టండి, మీకు మీ అబ్బాయి ఉన్నాడు. తాళం వేసే గన్ సేఫ్ కొనండి, తూటాలు వేరే తాళంలో పెట్టండి. ట్రిగ్గర్‌కీ సేఫ్‌కీ రెండిటికీ డబ్బు లేదంటే ట్రిగ్గర్ ఆపేయండి.

సేఫ్ వచ్చాక ఆవిడకి జరిగింది చెప్పండి. ముందే చెప్పకపోతే ఎప్పుడో వేటకొచ్చిన స్నేహితుల్లో ఎవరో నవ్వుతూ చెబుతారు, అప్పుడు తుపాకీ కన్నా మీరు దాచారన్నదే ఆవిడని ఎక్కువ బాధపెడుతుంది. "ఇలా జరిగింది, భయమేసింది, అందుకే ఆ ట్రిగ్గర్ తీసేశాను, సేఫ్ తెచ్చాను, ఇకపై వేలు ఎక్కడ ఉండాలో సాధన చేస్తున్నాను" అని చెబితే ఆవిడకి వినడానికి ఏదో ఒకటి ఉంటుంది. అయినా ఆవిడ వద్దనొచ్చు. వద్దంటే, ఇంటి రక్షణ అనే పనిని ఈ రైఫిల్ జాబితాలోంచి తీసేసి రేంజ్ దగ్గర లాకర్ దొరుకుతుందేమో చూడటం, లేదా కొన్నాళ్లు వేరేచోట పెట్టడం గురించి మాట్లాడుకోండి. ఆ ఇల్లు ఆవిడది కూడా, ఆ మాట అనే హక్కు ఆవిడకి ఉంది.

మీతో వేటకి వచ్చినవాళ్లకి కూడా చెప్పాలి. ఆ రాత్రి మీ పక్కన నిలబడింది వాళ్లు. తర్వాతిసారి వెళ్లినప్పుడు రైఫిల్ ఎత్తేదాకా సేఫ్టీ తీయకూడదని, నడిచేటప్పుడు ఛాంబర్ ఖాళీగా ఉండాలని అందరూ కలిసి ఒక నియమం పెట్టుకోండి. మీ గుంపులో ఇద్దరు హెచ్-1బీ మీద ఉన్నారని, అప్పుడప్పుడు వాళ్లూ కాలుస్తారని మీరు మాటవరసకి రాశారు, అది నన్ను కలవరపెట్టింది. ఫెడరల్ చట్టం ప్రకారం అలాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ పట్టుకోకూడదు. కొన్ని మినహాయింపులున్నాయి, వాటిలో ఎక్కువగా వాడేది చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్. టెక్సస్‌లో 2019 సెప్టెంబర్ నుంచి ప్రైవేటు స్థలంలో యజమాని అనుమతితో అడవిపందుల్ని వేటాడటానికి లైసెన్స్ అక్కర్లేదు కాబట్టి చాలామంది తీసుకోవడం మానేశారు. మీకు అక్కర్లేకపోవచ్చు, వాళ్లకి మాత్రం ఆ లైసెన్స్ లేకపోతే ఫెడరల్ చట్టంలోని మినహాయింపే పోతుంది. గ్రీన్ కార్డ్ ఎదురుచూస్తున్నవాళ్లు ఇలాంటి చిన్న విషయంలో ఇరుక్కోకూడదు. ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగాకే తుపాకీ ముట్టుకోమనండి.

బావగారి దగ్గరికి వద్దాం. మీరు ఆయన్ని కొంచెం తక్కువగా అంచనా వేస్తున్నారేమో అనిపిస్తోంది. ఇన్నేళ్లుగా తుపాకులతో ఉన్న మనిషికి "అనుకోకముందే పేలింది" అన్న మాట విలువ మీకన్నా బాగా తెలిసి ఉంటుంది. "ట్రిగ్గర్ నచ్చలేదు" అంటే నొచ్చుకుంటారు. "బావగారూ, వేటలో ఇలా జరిగింది, నా వేలు ఇంకా దీనికి తగ్గట్టు లేదు, ఈ రైఫిల్‌కి 4.5ది పెడదామనుకుంటున్నాను, మీరు పక్కనుండి బిగించి పెడతారా" అంటే నొచ్చుకోవడానికి అక్కడ ఏమీ లేదు. ఆయన సాయం అడుగుతున్నారు, ఆయన అనుభవాన్ని గౌరవిస్తున్నారు, నిజమూ చెబుతున్నారు. ఆ ట్రిగ్గర్‌ని ఆయన బెంచ్ రైఫిల్‌లో పెట్టుకోమని తిరిగి ఇవ్వొచ్చు కూడా, మంచి వస్తువు పడి ఉండటం ఆయనకీ ఇష్టం ఉండదు. ఒకవేళ అప్పుడు కూడా నవ్వి, భయపడుతున్నావా అంటే, అవునండీ భయపడ్డాను అనండి. అక్కయ్యకి కూడా ఆ మాట వినిపించేలా అనండి.

కొత్తది పెట్టాక వెంటనే వేటకి వెళ్లొద్దు. పైన చెప్పిన పరీక్ష మొత్తం మళ్లీ చేయండి. తర్వాత ఇంట్లో ఖాళీ రైఫిల్‌తో, గోడకి చిన్న చుక్క పెట్టుకుని, రైఫిల్ కింద నుంచి భుజానికి ఎత్తడం, చుక్క స్కోప్‌లో కుదిరాక సేఫ్టీ తీయడం, అప్పుడే వేలు ట్రిగ్గర్ మీదకి తేవడం, మొదటి స్టేజి గోడ దగ్గర ఆగడం. ఆగి కాల్చకుండా వేలు తీసేసి మళ్లీ సేఫ్టీ వేయడం కూడా సాధన చేయండి, వేటలో పందికి వెనక ఏముందో కనిపించనప్పుడు చేయాల్సింది అదే. రోజూ పది నిమిషాలు చాలు. తూటా ఒక్కోటి అర డాలర్ దాకా ఉంది, ఇది ఉచితం. తర్వాత రేంజ్‌లో మీరు వేటకి వాడే తూటాలతోనే నాలుగైదు మ్యాగజీన్లు కాల్చి, ఒక్కటి కూడా పేలకుండా మిగలలేదని చూసుకోండి. ప్రైమర్ మీద లోతు తక్కువ గుంట పడి పేలకపోతే హ్యామర్ స్ప్రింగ్ బిగింపు చూడాలి. హ్యామర్ స్ప్రింగ్ కాళ్లు రెండూ ట్రిగ్గర్ పిన్ మీద సరిగ్గా కూర్చున్నాయో లేదో ముందు అది చూడండి, ఎక్కువసార్లు తప్పు అక్కడే ఉంటుంది.

ఉత్తరం చివర్లో ట్రిగ్గర్ వంకరగా ఉండే రకం మంచిదా, తిన్నగా ఉండేదా అని అడిగారు. అది పూర్తిగా మీ చేతిని బట్టి. తిన్నగా ఉండేదానిలో వేలు కాస్త కిందకి పెట్టుకుని తేలికగా అనిపించేలా నొక్కొచ్చు, పొడుగు వేళ్లవాళ్లకి బాగుంటుంది. చిన్న చేతులైతే, గ్లవ్స్ వేసుకునే అలవాటుంటే, వేలు ప్రతిసారీ ఒకే చోటికి వెళ్లేది వంకర రకంలోనే. బావగారి దగ్గర రెండూ ఉంటే కొనేముందు ఖాళీ రైఫిల్ మీద రెండూ నొక్కి చూడండి.